నీలం సుద్ద

అక్టోబరు రెండో శుక్రవారం నేను కోటు లేకుండా ఇంటికి వచ్చాను. కోసిన చేల మీదుగా ఉత్తరపు గాలి వీస్తోంది, బండి దిగి గుమ్మం చేరేలోపే వేళ్ళు కొంకర్లు పోయాయి. పొయ్యి మీద నీళ్ళు పెట్టి చేతులు ఆవిరికి పట్టుకుని నిలబడ్డాను. కాసేపటికి నా భర్త ఆర్లెన్ వచ్చాడు, టోపీ తీయకుండానే వంటింట్లోకి వచ్చాడు. నీ కోటేదని అడగలేదు. "ఆ దెబ్బ ముందు నుంచేనా, మార్వా?" అన్నాడు. అవునన్నాను. అతను కుర్చీలో కూర్చుని బూట్ల తాళ్ళు విప్పుకున్నాడు, రెండో బూటు విప్పేటప్పటికి అతని భుజాలు కొంచెం కిందికి దిగాయి. నేనన్న ఆ ఒక్క మాట వల్లే దిగాయి. కోటు ఆటలో దెబ్బ తగిలి పడిపోయిన బెల్‌ఫోర్ బడి కుర్రాడు ఎమిలియో బరేరాతో పాటు అంబులెన్సులో వెళ్ళింది. అతనికి ఎడమ కాలు పోయిందన్న సంగతి మాకు ఆదివారం చర్చి అయ్యాక గాని తెలియలేదు.

ఇప్పుడు ఏప్రిల్, నాలుగూ పది, మిల్‌బ్రూక్ బడి లైబ్రరీ. ఎనిమిది బడుల వాళ్ళు బల్లలు దగ్గరికి లాగి చుట్టూ కూర్చున్నారు, పన్నెండేళ్ళ పిల్లల కోసం చేసిన కుర్చీల్లో పెద్ద పెద్ద మగవాళ్ళు మోకాళ్ళు దగ్గరికి పెట్టుకుని కూర్చున్నారు. ఆ మోకాళ్ళ వైపు చూడకుండా ఉండాలనుకుంటాను, చూపు అక్కడికే పోతుంది. ఎజెండా కాగితంలో మూడో అంశం అమెరికన్ ఫుట్‌బాల్‌లో కట్ బ్లాక్ నిషేధం, అంటే ఎదుటివాడి కాళ్ళ మీదికి దూకి పడగొట్టడం ఇక వద్దని. మొదటిది పరుగు పందేల తేదీలు, దాని మీదే పదిహేను నిమిషాలు అయింది, ఎవరికీ మే నెల రెండో శనివారం కుదరదట, ఆ రోజు ఎవరి మేనకోడలి పెళ్ళో ఉందట. నా చేతిసంచీలో ఆర్లెన్ ఉత్తరం ఉంది. ఈ కమిటీకని జనవరిలో రాశాడు, ఫిబ్రవరిలో పోయాడు. దాన్ని ఇక్కడ నేను చదవాలి. అందుకే పిలిచారు. ఛైర్మన్ వెండెల్ క్రౌస్ ఫోన్ చేసి, "నువ్వేం మాట్లాడక్కర్లేదు మార్వా, ఉన్నది ఉన్నట్టు చదివి కూర్చో, చాలు" అన్నాడు. దయగానే అన్నాడు. ముప్పై ఏళ్ళుగా పిల్లలకు రేఖాగణితం చెబుతున్నాను, ఉన్నది ఉన్నట్టు చదవడం నాకు చేతకాని పనేమీ కాదు. ఉన్నది అనే మాట దగ్గరే నాకు చిక్కు. కిటికీ అవతల మైదానం కనిపిస్తోంది, గడ్డి ఇంకా పచ్చబడలేదు, గోల్ స్తంభాల పాదాలకు కట్టిన దిండ్లు చలికాలమంతా అలాగే వదిలేసినట్టున్నారు, బట్ట చిరిగి లోపలి నురుగు బయటికి వచ్చింది. గడియారం పిల్లల గడియారం, అంకెలు పెద్దవి. నాలుగూ పన్నెండు.

రాగానే కాఫీ డ్రమ్ము దగ్గర ఒకావిడ నా పక్కన నిలబడింది. పొట్టి మనిషి, జుట్టు వలలో చుట్టి ఉంది, మాంసం ప్యాకింగు పని నుంచి తిన్నగా వచ్చినట్టుంది, బూట్లు తెల్లవి, కడిగినవి. ఎవరో నాకు తెలుసు. ఆరునెలలుగా ఆమె ఎదురుపడకుండా ఉండేందుకు కిరాణా సామాను ఇరవై మైళ్ళ అవతల కొంటున్నాను. ఆమె నాకేసి చూసి, "ఆ రోజు ఆటలో కొలత గొలుసు పట్టుకున్న టీచర్ మీరే కదండీ?" అంది. అవునన్నాను. "మీ కోటు మా ఇంట్లోనే ఉంది. రెండుసార్లు ఉతికాను. రంగు ముదురు కదా, మరక పోయిందో లేదో తెలియట్లేదు." ఫర్వాలేదన్నాను. "ఇవ్వాళ తెద్దామనుకున్నాను. షిఫ్టు దిగి ఇటే వచ్చేశాను. మావాడు అడుగుతుంటాడు, ఆ టీచర్ చలికి ఏం చేస్తోందో అని." నాకింకో కోటుందన్నాను. ఆమె నా ఒంటి మీది కోటు చూసింది. అది ఆర్లెన్‌ది, చేతులు నాకు అరిచేయి దాకా వస్తాయి, గుండె దగ్గర దారంతో లైన్ కోచ్ అని కుట్టి ఉంది, ముందు వరసలో అడ్డుకునే కుర్రాళ్ళకు నేర్పేవాడని. చదివింది. పంచదార పొట్లం చింపి కాఫీలో పోసుకుని, కలపకుండా నిలబడి, తర్వాత అడిగింది, "ఆ అరవై రెండో నంబరు అబ్బాయి ఎలా ఉన్నాడు? తింటున్నాడా?" తింటున్నాడన్నాను. "మావాడు మొదట్లో తినలేదు. ఇప్పుడు తింటున్నాడు. ఆ అబ్బాయికి చెప్పండి." చెబుతానన్నాను. ఇది మూడో అబద్ధమో నాలుగోదో. ఆ రోజు ఎమిలియో కాళ్ళ మీదికి దూకిన మా బడి కుర్రాడు గ్రాడీ ఫెల్ట్ తింటున్నాడో లేదో నాకు తెలియదు, మధ్యాహ్నం భోజనాల హాల్లో అతను ట్రే తీసుకుని బయటికి వెళ్ళిపోతాడు. ఇప్పుడు ఆమె చివరి వరసలో, అట్లాసుల అర పక్కన కూర్చుంది. తల తిప్పకుండానే ఆమె అక్కడ ఉందని నా మెడకు తెలుస్తోంది.

మే రెండో శనివారం కాదు, మూడోది. సరే. రెండో అంశం బస్సుల సంగతి. మా ఊళ్ళో బస్సు నడిపేది కూడా టీచర్లే, కోచ్‌లే. ఆ ఆటకు ముందు రోజు, గురువారం, ఆర్లెన్ అమ్మాయిల వాలీబాల్ జట్టును తీసుకెళ్ళాల్సి వచ్చింది, బస్సు నడిపే హెర్షెల్‌కు పన్ను నొప్పి. పన్ను నొప్పి రాకపోయి ఉంటే. ఇలాంటి వాక్యాలు పిల్లలు రాస్తే నేను ఎర్ర పెన్సిలుతో సున్నా చుడతాను, అవి ఎక్కడికీ పోవని. కానీ హెర్షెల్ పన్ను సంగతి నాకు రోజూ గుర్తొస్తుంది. గురువారాలు ఆర్లెన్‌వి. జిమ్‌లో కుస్తీ చాపలు పరిచి, వాటి మధ్య కాన్వాసు డమ్మీ నిలబెట్టి, మా సన్నపాటి కుర్రాళ్ళకు కట్ నేర్పేవాడు. ఎదుటివాడు నీకంటే వంద పౌండ్లు ఎక్కువుంటే ఛాతీ మీద నెట్టి లాభం లేదు, కాళ్ళ మీదికి దూకి కూల్చాలి, అదీ విద్య. బడిలో తెల్లబోర్డులు వచ్చాక నా గదిలో నీలం సుద్దలు ఒక డబ్బా నిండా మిగిలిపోయాయి. లంబకోణాలకు నేను నీలం వాడేదాన్ని. నాకివి ఇస్తావా అని ఆర్లెన్ పట్టుకుపోయాడు. ఆ సుద్ద పొడి చేసి కుర్రాళ్ళ ముంజేతి ప్యాడ్లకు పూసేవాడు, డమ్మీ మీద నీలం ఎక్కడ పడిందో చూసేవాడు. తొడ ముందు పడితే సరే. మోకాలి చిప్ప మీద పడితే జిమ్ చుట్టూ రెండు చుట్లు. పక్కన పడితే ఐదు. వెనక పడితే ఆ వారం ఆట లేదు. అంత జాగ్రత్త మనిషి. పంతొమ్మిదేళ్ళలో అతని కుర్రాళ్ళెవరి మీదా ఈ విషయంలో తప్పు ఆడారని రిఫరీ పసుపు గుడ్డ విసరలేదు, ఆ సంగతి అతను ఎవరికీ చెప్పుకునేవాడు కాదు, నాకు మాత్రం చెప్పేవాడు. ప్రాక్టీసు అయ్యాక బకెట్లో గుడ్డ తడిపి ఆ ప్యాడ్లన్నీ తనే తుడిచేవాడు, ఒకదాని తర్వాత ఒకటి, అంట్లు తోమినట్టు. ఆ గురువారం తుడవలేదు. మీరే తుడుచుకోండి అని చెప్పి బస్సెక్కాడు. నేను చాలా గురువారాలు జిమ్ మెట్ల మీద పరీక్ష పేపర్లు దిద్దుకుంటూ కూర్చునేదాన్ని. ఒకసారి తలెత్తి చూస్తే డమ్మీ మీద పదకొండు నీలం మచ్చలు, అన్నీ ముందే, అన్నీ ఒకే చోట. నాకు ఏదో అనిపించింది. డమ్మీ తిరగదు కదా అనిపించింది. ఆ మాట నోటిదాకా వచ్చింది. అతని ముఖం అంత సంతోషంగా ఉంటే తల వంచుకుని పేపర్లు దిద్దుకున్నాను.

"మూడో అంశం," అన్నాడు వెండెల్. నాలుగూ ఇరవై ఏడు. ప్రతిపాదించింది బెల్‌ఫోర్ కోచ్ డెన్నిస్ హాబ్, పొడుగాటి మనిషి, కాగితం చూసి చదివాడు. నడుము కింద పడే దెబ్బ ఏదైనా సరే, ఎక్కడి నుంచైనా సరే, మన ఎనిమిది బడుల లీగులో ఈ ఆగస్టు నుంచి వద్దు. ఇంతే. మా బడి హెడ్ కోచ్ బడ్ లిండ్‌క్విస్ట్ వెంటనే అందుకున్నాడు. "డెన్నిస్, నీకేం, మీ ఊళ్ళో కుర్రాళ్ళు రెండువందల ఎనభై పౌండ్లున్నారు. పాలతో పాటు సిమెంటు తాగిస్తారా ఏం? నా లైన్లో పెద్దవాడు నూటా అరవై, అదీ తడి బట్టల్తో." నవ్వారు. "కట్ తీసేస్తే మేం ఏం చేయాలి, వాళ్ళకు దారిచ్చి చప్పట్లు కొట్టాలా?" ఇంకో బడి ఆయన, "తర్వాత ఒకణ్ణొకడు పట్టి పడేయడం కూడా తీసేద్దాం, అందరికీ తలో బెలూను ఇద్దాం" అన్నాడు. డెన్నిస్, "ఎగతాళి కాదు రాయ్, నేను ఆసుపత్రిలో కూర్చున్నాను" అన్నాడు. రాయ్, "ఎవరూ కాదనట్లేదు, అదొక దురదృష్టకరమైన గాయం" అన్నాడు. గాయం. కాలు లేకపోవడాన్ని గాయం అనరు. గాయం మానుతుంది. ఆ మాటకు సున్నా చుట్టాలి. సంఘటన అంటారు, ఆటలో భాగం అంటారు, సరైన పద్ధతిలో నేర్పితే ప్రమాదం లేదంటారు, కర్త లేని వాక్యాలు వరసగా. కట్ చేసేది ఒకడు, పడేది ఒకడు, ఇద్దరికీ పదహారేళ్ళు, ఇద్దరికీ పేర్లున్నాయి, ఈ బల్ల మీద ఆ రెండు పేర్లూ ఇంతవరకూ వినపడలేదు. అయినా బడ్ అబద్ధం చెప్పట్లేదు. మా బడిలో మగపిల్లలు ఇరవై ఆరుగురు, అందులో పద్నాలుగు మంది ఆడతారు. నాలుగేళ్ళ కిందట ఒక ఏడాది కట్ లేకుండా ఆడదామని ఆర్లెన్ ప్రయత్నించాడు. మూడో ఆటకే ఇద్దరు కుర్రాళ్ళ మెడలు పట్టేశాయి, ఒకడికి కంటి కింద ఎముక చిట్లింది. చిన్నవాణ్ణి పెద్దవాడి ఛాతీకి ఎదురు పంపడం కూడా దెబ్బే అన్నాడు ఆర్లెన్, మళ్ళీ మొదలుపెట్టాడు. నేనప్పుడు అతనితో ఏకీభవించాను. ఇప్పుడు కూడా ఆ లెక్కలో తప్పెక్కడుందో బోర్డు మీద రాసి చూపించలేను. అదే నాకు విసుగు. ఇద్దరిలో ఒకరు తెలివితక్కువ వాళ్ళయి ఉంటే ఎంత బాగుండేది.

బడ్ మాట్లాడుతూనే ఉన్నాడు. కట్‌కు ఒకే షరతు, ముందు నుంచి. ముందు నుంచి అయితే ఎదుటివాడు చూస్తాడు, చేతులు దింపుతాడు, కాళ్ళు వెనక్కి లాక్కుంటాడు. ముందు, ముందు, ముందు. ఆ శుక్రవారం మా మైదానంలో గడ్డి పచ్చగా ఉంది. మాకు దీపాల స్తంభాలు లేవు, శుక్రవారం మూడింటికే ఆట. మూడో క్వార్టర్, బంతి మాది, ముందుకు ఇంకా రెండు గజాలు పోవాలి. బంతి ఎంత ముందుకు పోయిందో కొలిచే గొలుసుకు రెండు కొసలా కర్రలుంటాయి, నేను ముందు కర్ర పట్టుకుని గీత మీద నిలబడ్డాను. పదకొండేళ్ళ కిందట గొలుసు పట్టేవాళ్ళలో ఒక మగమనిషి తక్కువైతే నన్ను నిలబెట్టారు, తర్వాత ఎవరూ మార్చలేదు. బంతి మా వైపుకే వచ్చింది, బంతితో పరుగెత్తే మావాడు గీత వెంట వస్తున్నాడు, ఎమిలియో అతనికి అడ్డంగా వస్తున్నాడు, భారీ పిల్లవాడు, అంత ఒళ్ళున్నవాడు అంత తేలిగ్గా పరుగెత్తడం చూసి ముచ్చటేసింది, అది గుర్తుంది. గ్రాడీ అతనికి ఎదురుగా వెళ్ళాడు. సరిగ్గా ఎదురుగా. దూకాడు. అతని పాదాలు నేల వదిలాక బంతి పట్టుకున్నవాడు లోపలికి మళ్ళాడు, ఎమిలియో వాడి కోసం తిరిగాడు. అర సెకను. గ్రాడీ గాలిలో ఉన్నాడు. నాకు చప్పుడేమీ వినిపించలేదు. గొలుసు గలగలమంది, నేను కర్ర వదిలేశానని అలా తెలిసింది. పదకొండేళ్ళలో మొదటిసారి. పాదం ఉండకూడని వైపుకు ఉంది. కోటు విప్పి అతని మీద కప్పాను, కాళ్ళ దగ్గర సర్దుతుంటే ఎడమ మోకాలి మడతలో, తెల్ల ప్యాంటు మీద, నీలం. బొటనవేలంత. గీతలకు వేసే సున్నం తెలుపు, గడ్డి పచ్చన, రెండు జట్లలో ఎవరి బట్టల్లోనూ నీలం లేదు. దాని మీద కోటు అంచు లాగాను. చలికి లాగానా, దాచడానికి లాగానా, అది కూడా ఇప్పుడు నాకు తెలియదు. అతను నా వైపు చూసి, "మేమ్, నేను ఆపానా వాణ్ణి?" అన్నాడు. ఆపావన్నాను. నిజంగా ఆపాడో లేదో చూడలేదు. తర్వాత అంబులెన్సు వాళ్ళు కత్తెరతో ప్యాంటు కోసేశారు. పైనుంచి తీసిన వీడియోలో ఆ క్షణానికి మూడు వీపులు అడ్డం ఉన్నాయి. రిఫరీ నా దగ్గరికి వచ్చి, కర్ర ఎక్కడుండాలో చూపించమ్మా, ఆట మొదలుపెట్టాలి అన్నాడు. చూపించాను.

సోమవారం పొద్దున్న నా గది పక్క బాత్రూము తలుపు సగం తీసి ఉంది. గ్రాడీ కుళాయి దగ్గర ముంజేతి ప్యాడ్ చేతుల సబ్బుతో రుద్దుతున్నాడు. తొట్టిలో నీళ్ళు లేత నీలంగా తిరుగుతున్నాయి. "మురికైంది, మిసెస్ క్లాసెన్," అన్నాడు. సరేనన్నాను. నేను కదలకపోయేసరికి మళ్ళీ తలెత్తాడు. "మీరు అక్కడే ఉన్నారు కదా." బెల్ కొట్టారు పద అన్నాను. బెల్ ఇంకా కొట్టలేదు. ఆ కుర్రాడు ప్యాడ్ పిండి, తడిదే సంచీలో పెట్టుకుని నా ముందు నుంచి క్లాసుకు వెళ్ళిపోయాడు. ఆ రోజు పాఠం వృత్తానికి స్పర్శరేఖ. ఆ రోజు ఒక్కమాట చెప్పి ఉండవలసింది, నువ్వు ఎదురుగానే దూకావు, నేను చూశాను, అతను తిరిగాడు, అది కూడా చూశాను అని. ఆ రెండు ముక్కలూ కలిపి చెబితేనే నిజం. ఒకటి ఆర్లెన్‌కు చెప్పి రెండోది మింగాను. ఆర్లెన్‌కైనా చెప్పి ఉండవచ్చు. అంతకు ముందు ఆదివారమే చెప్పి ఉండవచ్చు. చర్చి మెట్ల మీద కాలు సంగతి తెలిశాక అతను కారులో కూర్చుని తాళం తిప్పకుండానే, "ముందు నుంచే అయింది కాబట్టి, మార్వా, నేను దీన్ని మోయగలను" అన్నాడు. ఆ తర్వాత ఎలా చెబుతారు ఎవరైనా. థాంక్స్‌గివింగ్ పోయింది, క్రిస్మస్ పోయింది. బెల్‌ఫోర్ వెళ్ళి ఆ పిల్లవాణ్ణి రెండుసార్లు చూసి వచ్చాడు, నన్ను రమ్మంటే పేపర్లున్నాయన్నాను. నీ కోటు వాళ్ళింట్లో మేకుకు తగిలించి ఉంది, తెస్తానంటే నువ్వే వచ్చి తీసుకోవాలని ఆవిడ పట్టుబట్టింది అని చెప్పాడు. ఫిబ్రవరిలో మంచు పడింది, పార తీసుకుని వెళ్ళాడు, దారి సగం శుభ్రం చేశాడు. సగం దాకా నున్నటి నేల, అక్కడ పార, అక్కడ అతను. మిగతా సగం నేను ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. మార్చి పదకొండున కరిగింది.

"మార్వా," అన్నాడు వెండెల్. "మార్వా, సిద్ధమేనా?" నాలుగూ యాభై. లేచాను. కవరు చింపి ఉంది, ఉత్తరం నాకు కంఠతా వచ్చు, అయినా కళ్ళజోడు పెట్టుకున్నాను. ఆర్లెన్ రాత గుండ్రంగా ఉంటుంది, చిన్నపిల్లల రాతలా. చదవడం మొదలుపెట్టాను. చిన్న బడుల గురించి రాశాడు, నాలుగేళ్ళ కిందటి ఆ మెడల గురించి రాశాడు, గురువారాల గురించి రాశాడు, సుద్ద నా గదిలోదని కూడా రాశాడు, అక్కడ ఒకరిద్దరు చిరునవ్వు నవ్వారు. బడ్ కళ్ళు తుడుచుకున్నాడు, అతనికి ఆర్లెన్ అంటే నిజంగా ప్రేమ. నా గొంతు బాగానే ఉంది. "అక్టోబరులో జరిగినదానికి నేను ప్రతిరోజూ బాధపడుతున్నాను" అని చదివాను. "అయితే ఆ దెబ్బ ముందు నుంచే తగిలింది. నా భార్య పది అడుగుల దూరంలో గొలుసు పట్టుకుని ఉంది." తర్వాతి వాక్యం నాకు కనిపిస్తోంది. చూడనిదాన్ని చూశానని చెప్పే మనిషి కాదు మార్వా. నలభై ఏళ్ళ కాపురంలో అతను నా గురించి కాగితం మీద పెట్టిన పొగడ్త అదొక్కటే. కాగితం కొంచెం కిందికి దించాను. చివరి వరస కనిపించింది, తెల్ల బూట్లు, జత చేసి పక్కపక్కనే పెట్టి ఉన్నాయి. చదవకుండా ఊరుకుంటే చాలదు. ఊరుకోవడం నేను ఆరునెలలుగా చేస్తున్నాను.

"ముందు నుంచే అన్న ఈ వాక్యం తప్పు," అన్నాను. "తప్పు ఆర్లెన్‌ది కాదు. నేను అతనికి అలా చెప్పాను."

వెండెల్ కలం కింద పెట్టాడు. "ఉత్తరంలో ఉందా అది?"

"లేదు. గ్రాడీ ఎదురుగానే దూకాడు. ఎమిలియో తిరిగాడు. ఆ అబ్బాయి మోకాలి వెనక నీలం సుద్ద ఉంది. నేను చూశాను. కోటు కప్పాను."

"మార్వా, కూర్చో," అన్నాడు బడ్ మెల్లిగా. కోపంగా కూడా అనలేదు. "నువ్వు మామూలుగా లేవు. ఇది సమయం కాదు."

"అంటే మీవాడు వెనక నుంచి కొట్టాడనేగా?" అన్నాడు డెన్నిస్.

"కాదు. మీరిద్దరూ వినట్లేదు. ఆ పిల్లవాడు నేర్పింది నేర్పినట్టే చేశాడు. ఆర్లెన్ కంటే జాగ్రత్తగా నేర్పేవాళ్ళు ఈ గదిలో ఎవరూ లేరు. డమ్మీ తిరగదు. పిల్లలు తిరుగుతారు. దూకేటప్పుడు ముందైనది తగిలేటప్పటికి వెనకైంది. ముందు నుంచి అని మీరు ఎన్నిసార్లు అన్నా ఆ షరతు ఎవరి చేతుల్లోనూ లేదు."

కాఫీ డ్రమ్ము ఒకసారి గుడగుడమంది. ఉత్తరంలో మిగిలిన పేరా ఉంది, కట్ ఉండాలని కమిటీని కోరే పేరా, సంతకం. అది కూడా చదివాను. అతను రాసింది, తగ్గించే హక్కు నాకు లేదు. చూడనిదాన్ని చూశానని చెప్పే మనిషి కాదు అన్న వాక్యం మాత్రం చదవలేదు, అది నా దగ్గరే ఉంది. కూర్చున్నాను. రాయ్ గొంతు సవరించుకుని, కొత్త సమాచారం వచ్చింది కాబట్టి, కుటుంబాలకు సంబంధించిన విషయం కాబట్టి, తొందరపడకుండా నవంబరు సమావేశానికి వాయిదా వేద్దాం అన్నాడు. నవంబరు అంటే సీజను అయిపోయాక. నవంబరులో ఏం తెలుస్తుంది అని డెన్నిస్ బల్ల మీద చెయ్యి వేశాడు. వెండెల్ చేతులెత్తమన్నాడు. ఐదు చేతులు లేచాయి, ఒక్కొక్కటీ ఒక్కో సందేహంతో, బడ్ చెయ్యి అందరికంటే ఆలస్యంగా. మూడు లేవలేదు. నేను చెప్పింది నిషేధానికి పనికొస్తుందనుకున్నాను, వాయిదాకు పనికొచ్చింది. ఆరునెలలు మోసిన మాట బల్ల మీద పెడితే దాన్ని పక్కకు జరిపి కాగితాలు సర్దుకున్నారు. చెడ్డవాళ్ళెవరూ కాదు. అందులో ముగ్గురు ఆర్లెన్ శవపేటిక మోశారు.

చివరి వరస వైపు తిరిగేసరికి అట్లాసుల పక్క కుర్చీ ఖాళీగా ఉంది. కాఫీ కప్పు కుర్చీ కింద జాగ్రత్తగా పెట్టి ఉంది, సగం తాగి. వాకిట్లోకి వెళ్ళాను. ఆమె బండి వెళ్ళిపోతోంది, నన్ను చూసిందో లేదో, దారి మలుపు దగ్గర బ్రేకు దీపాలు వెలిగి మళ్ళీ ఆరిపోయాయి. కొడుకు ఎదురుచూస్తుంటాడని వెళ్ళిందేమో. నా మాట విని వెళ్ళిందేమో. చెయ్యి పైకెత్తబోతే ఆర్లెన్ కోటు చెయ్యి వేళ్ళ మీదికి జారింది. బడ్ నా వెనకే వచ్చి, "గ్రాడీకి ముందు చెప్పాల్సింది, మార్వా" అన్నాడు. అవునన్నాను. ఇది నిజమే. మర్నాడు మొదటి పీరియడ్‌కు ముందు చెప్పాను. అతను విని, ఎమిలియో తిరగడం తను కూడా చూశానని, గాలిలో ఉండగా చూశానని, ఏం చేయాలో తెలియలేదని అన్నాడు. ఆవిడ నువ్వు తింటున్నావా అని అడిగిందని చెబితే బెంచీ మీద తల పెట్టుకున్నాడు.

ఇది జరిగి ఐదు వారాలైంది. నిబంధన పాతదే. ఆగస్టు మొదటి సోమవారం ప్రాక్టీసు మొదలవుతుంది, బడ్ కొత్త లైన్ కోచ్ కోసం వెతుకుతున్నాడు. మిగిలిన సుద్ద డబ్బా నా బీరువాలో ఉంది. బెల్‌ఫోర్ మాకు పదిహేడు మైళ్ళు, రెండుసార్లు సగం దూరం వెళ్ళి తిరిగి వచ్చాను. నా కోటు ఇంకా బరేరా వాళ్ళింట్లోనే ఉంది.